పండ్ల చెట్ల నీటి స్థితి: చిత్ర విశ్లేషణతో అంచనా

పండ్ల చెట్టుకు నీరు సరిపోతోందా లేదా అన్న ప్రశ్నకు జవాబు మూడు చోట్ల వెతకవచ్చు: వేళ్ల చుట్టూ ఉన్న మట్టిలో, ఆకుల్ని తాకే గాలిలో, చెట్టులోనే. మట్టి తేమను కొలిచే పరికరాలూ, ఎండనూ గాలినీ లెక్కగట్టి నీటి అవసరం చెప్పే సూత్రాలూ చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. చెట్టునే అడిగి తెలుసుకునే మూడో దారిలో ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తున్నది చిత్ర విశ్లేషణ. మామూలు కెమెరా తీసిన రంగుల ఫొటో, ఆకుల వేడిని పట్టే థర్మల్ చిత్రం, కంటికి కనపడని కాంతిని కూడా నమోదు చేసే బహువర్ణ చిత్రం, ఇలా ఏదో ఒక చిత్రం తీసి, అందులోని ఒక్కో పిక్సెల్ విలువను లెక్కించి చెట్టు దాహాన్ని అంచనా వేయడం దీని పని. అయితే ఏ చిత్రంలోనూ చెట్టు పడుతున్న ఎద్దడి నేరుగా కనిపించదు. నీరు తగ్గినప్పుడు చెట్టు ఏం చేస్తుందో అది కనిపిస్తుంది. అందుకే ఒకే తోటలో, ఒకే పూట, ఒక చెట్టును మరో చెట్టుతో పోల్చడానికి చిత్రం ఎంతో గట్టి సాధనం. ఒంటరి చెట్టును చూసి దానికి ఇంత ఎద్దడి అని అంకె చెప్పమంటే మాత్రం అది తడబడుతుంది. ఈ రంగంలో వచ్చిన మంచి ఫలితాలూ, ఎదురైన నిరాశలూ చాలావరకు ఈ ఒక్క తేడా దగ్గరే తేలతాయి.

చిత్రం చెప్పేది నిజమా కాదా అని తేల్చడానికి ముందు ఒక కొలబద్ద కావాలి. అది నీటి శక్మం. ఆకుల నుంచి నీరు ఆవిరవుతుంటే, వేళ్ల నుంచి చిటారు కొమ్మ దాకా దారు నాళాల్లో ఉన్న నీరు లాగి కట్టిన తీగలా బిగుసుకుంటుందని 1894లో డిక్సన్, జోలీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు డబ్లిన్‌లో ప్రతిపాదించారు. ఆ బిగువును తోటలో నిలబడి కొలిచే వీలు కల్పించినవారు అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర శాస్త్ర సంస్థకు చెందిన స్కోలాండర్. 1965లో ఆయన బృందం ప్రచురించిన ప్రెషర్ చాంబర్ పద్ధతి ఇప్పటికీ ప్రమాణమే. మహావృక్షాల కొసకొమ్మలు అందక, రైఫిల్‌తో కాల్చి రెమ్మలను కిందికి రాల్చి మరీ వాళ్లు కొలతలు తీసుకున్నారు. పండ్ల తోటలో అంత అవసరం లేదు. కాండానికి దగ్గరగా నీడన ఉన్న ఆకును వెండిరంగు రేకు సంచిలో కాసేపు మూసి ఉంచుతారు. ఆవిరి ఆగడంతో ఆకులోని బిగువు కొమ్మలోని బిగువుతో సమానమవుతుంది. తర్వాత ఆకును కోసి, దాని కాడ మాత్రం బయటికి కనపడేలా ఉక్కు గదిలో బిగించి, లోపలికి నత్రజని వాయువును మెల్లగా వదులుతారు. ఒత్తిడి పెరుగుతూ పెరుగుతూ ఒక క్షణాన కోసిన కాడ ముఖం తడిబారి మెరుస్తుంది. ఆ క్షణంలో మీటరు చూపించే అంకెకు రుణ గుర్తు తగిలిస్తే అదే నీటి శక్మం. కాలిఫోర్నియా బాదం తోటల్లో బాగా నీరందిన చెట్టుకు మధ్యాహ్నం ఇది సుమారు మైనస్ 6 నుంచి 10 బార్ల మధ్య ఉంటుంది. కాయ పై తొక్క పగిలే దశలో కావాలనే కొంత నీరు తగ్గించాలనుకునే రైతుకు మైనస్ 14 నుంచి 18 బార్ల దాకా వెళ్లనివ్వమని అక్కడి విస్తరణ నిపుణులు సలహా ఇస్తారు.

ఈ పరికరం నిజం చెబుతుంది, కానీ నిదానంగా చెబుతుంది. కొలవదగిన వేళ నడిమధ్యాహ్నం ఒకటి రెండు గంటలే. ఆ వ్యవధిలో ఒక మనిషి కొన్ని పదుల చెట్లను మించి చూడలేడు. తోటలో వేల చెట్లుంటాయి. నేల అంతటా ఒక్క తీరుగా ఉండదు, డ్రిప్పు గొట్టాల్లో ఒత్తిడి మొదట ఒకలా చివర ఒకలా ఉంటుంది, బావి గట్టున చెట్టుకు అందినంత నీరు మెరకలో ఉన్న చెట్టుకు అందదు. చిత్రం ఉపయోగపడేది ఇక్కడే. ప్రెషర్ చాంబర్ కొన్ని చెట్ల గురించి కచ్చితంగా చెబితే, చిత్రం అన్ని చెట్ల గురించీ ఒకేసారి చెబుతుంది. ఈ రెండూ పోటీదారులని భావించి ఒకదాని బదులు మరొకటి వాడదామనుకోవడం మొదటి పొరపాటు.

చిత్రాల్లో అన్నిటికన్నా ఎక్కువ ఆధారం ఉన్నది థర్మల్ చిత్రానికి. దాని వెనక ఉన్న సూత్రం మట్టికుండ సూత్రమే. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని వెంట తీసుకుపోతుంది. ఒక లీటరు నీరు ఆవిరవడానికి సుమారు 2.45 మెగాజౌళ్ల వేడి కావాలి. రోజుకు 100 లీటర్లు ఆవిరి చేసే పెద్ద చెట్టు 245 మెగాజౌళ్ల వేడిని తన మీద నుంచి తొలగించుకుంటుంది. కరెంటు లెక్కలో ఇది దాదాపు 68 యూనిట్లు. నీరు చాలనప్పుడు చెట్టు ఆకుల మీది పత్రరంధ్రాలను బిగిస్తుంది. ఆవిరి తగ్గుతుంది, ఆకు వేడెక్కుతుంది. ఈ వేడిని దూరం నుంచి పరారుణ కిరణాల ద్వారా కొలవవచ్చని 1963లోనే టానర్ అనే శాస్త్రవేత్త చూపించారు. 1981లో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో అమెరికా నీటి పరిరక్షణ ప్రయోగశాలకు చెందిన ఇడ్సో, జాక్సన్ బృందం దీన్ని ఒక సూచికగా మలిచింది. దాన్నే పంట నీటి ఎద్దడి సూచిక అంటున్నాం. పూర్తిగా నీరందిన ఆకు ఎంత చల్లగా ఉంటుందో అది ఒక కొస, ఆవిరి పూర్తిగా ఆగిన ఆకు ఎంత వేడిగా ఉంటుందో అది మరో కొస. మన చెట్టు ఈ రెండు కొసల మధ్య ఎక్కడ నిలిచిందో సున్నా నుంచి ఒకటి దాకా ఉన్న అంకెతో చెబుతారు.

ఆ రెండు కొసలను తోటలోనే ఎలా పట్టుకోవాలన్నది తర్వాతి ప్రశ్న. బ్రిటన్‌లో డండీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త హామ్లిన్ జోన్స్ 2002లో ద్రాక్ష మీద ప్రచురించిన పనిలో దీనికి తేలికైన ఉపాయం వాడారు. కొన్ని ఆకులను నీటితో తడిపితే అది చల్లని కొస. మరికొన్ని ఆకులకు రెండు వైపులా వాజలిన్ పూసి రంధ్రాలను మూసేస్తే అది వేడి కొస. కెమెరా చట్రంలో ఈ ఆకులూ, పరీక్షించే ఆకులూ కలిసి ఉండాలి. ఉదాహరణకు తడి ఆకు 28 డిగ్రీలు, వాజలిన్ ఆకు 40 డిగ్రీలు, చెట్టు గుబురు సగటున 33 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. తడి ఆకు కన్నా చెట్టు 5 డిగ్రీలు ఎక్కువ, కొసల మధ్య దూరం 12 డిగ్రీలు, కాబట్టి సూచిక 0.42. ఇప్పుడు ఈ లెక్కలో దాగిన అసలు బలాన్ని గమనించాలి. తోటల్లో వాడే చవక రకం థర్మల్ కెమెరాలు అసలు ఉష్ణోగ్రతను రెండు డిగ్రీల దాకా తప్పుగా చూపవచ్చు. కానీ ఆ తప్పు మూడు అంకెలకూ ఒకేలా పడితే, 30, 42, 35 అని చూపినా సూచిక మాత్రం మళ్లీ 0.42 దగ్గరే నిలుస్తుంది. తీసివేతలో తప్పు కొట్టుకుపోయింది. అదే కెమెరా ఒక డిగ్రీలో ఇరవయ్యో వంతు తేడాను కూడా పక్కపక్క పిక్సెళ్ల మధ్య పట్టగలదు. అంటే పరికరం స్వభావమే పోలికకు అనుకూలం. ఈ రోజు ఈ తోట చిత్రంలో 35 డిగ్రీలున్న చెట్టును నిన్న మరో తోటలో 33 డిగ్రీలున్న చెట్టు పక్కన పెట్టి ఇది ఎక్కువ దాహంతో ఉందని అంటే, ఆ మాటకు పునాది లేదు.

ఒక చెట్టు థర్మల్ చిత్రాన్ని దగ్గరగా చూస్తే విశ్లేషణలోని చిక్కులన్నీ కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం పైనుంచి తీసిన చిత్రంలో చెట్టు గుబురు నల్లటి చల్లని ముద్దలా, చుట్టూ ఎండిన నేల తెల్లగా మండుతున్నట్టు ఉంటుంది. నేల 50 డిగ్రీలు దాటి ఉండవచ్చు, గుబురు 32 దగ్గర ఉండవచ్చు. గుబురు అంచున ఉన్న పిక్సెల్‌లో సగం ఆకు, సగం నేల పడితే అది 41 అని చూపుతుంది. ఆ ఉష్ణోగ్రత ఉన్న ఆకు గానీ నేల గానీ అక్కడ లేవు. గుబురు నడుమ కూడా కొమ్మల సందుల్లోంచి నేల తొంగి చూస్తుంది. ఎండ పడే వైపు ఆకులు వేడిగా, నీడ వైపు ఆకులు చల్లగా ఉంటాయి. ఆకులు పలచబడిన చెట్టులో సందులు ఎక్కువ కాబట్టి, దాహం లేకున్నా అది వేడిగా కనిపిస్తుంది. అందువల్ల మంచి విశ్లేషణలో మొదటి పని ఉష్ణోగ్రత చదవడం కాదు, ఏ పిక్సెల్ ఆకో ఏది నేలో వేరు చేయడం. థర్మల్ చిత్రం మీద మామూలు రంగుల చిత్రాన్ని పొందించి, పచ్చని భాగాన్ని గుర్తించి, దాని అంచులను రెండు మూడు పిక్సెళ్ల మేర చెక్కేసి, మిగిలిన నడిమి భాగం సగటునే తీసుకుంటారు. యంత్రాభ్యాసం నిజంగా అక్కరకొచ్చేది నా ఉద్దేశంలో ఈ వేరుచేసే పనిలోనే. నేరుగా ఫొటో ఇచ్చి నీటి శక్మం చెప్పమని నేర్పిన నమూనాలు నేర్చుకున్న తోటలో బాగానే చెబుతాయి. రకం, నేల, వయసు, కత్తిరింపు మారిన మరో తోటకు తీసుకుపోతే అదే నమ్మకం ఉంచలేం. ఎందుకంటే వాటికి నేర్పడానికి కావలసిన ప్రెషర్ చాంబర్ కొలతలు ఎక్కడైనా కొద్దిగానే ఉంటాయి.

బహువర్ణ చిత్రాల సంగతి వేరు. ఆకు పచ్చదనాన్ని కొలిచే ఎన్‌డీవీఐ సూచిక ఎరుపు కాంతినీ సమీప పరారుణ కాంతినీ పోల్చి గుబురు ఎంత దట్టంగా ఉందో చెబుతుంది. దాహం వేసిన రోజు అది మారదు. ఆకులు రాలి, కొత్త చివుళ్లు ఆగిపోయాక, అంటే నష్టం జరిగాక మారుతుంది. కంటిచూపుకూ ఇదే ఇబ్బంది. మామిడి ఆకు గట్టిది. ఎద్దడి ముదిరేదాకా వాలదు. మొక్కలో నీటి కొరతకు అన్నిటికన్నా ముందు దెబ్బతినేది కణాలు సాగి పెరగడం. వాడిన ఆకు కంటికి కనపడేటప్పటికి కాయ పెరుగుదల ఎప్పుడో మందగించి ఉంటుంది. కాబట్టి తన కంటికి తెలిసిపోతుందనే అనుభవజ్ఞుడైన రైతు మాట నిజమే అయినా, తెలిసే సమయం ఆలస్యమని ఒప్పుకోక తప్పదు. ఎన్‌డీవీఐ కన్నా సున్నితమైనవి కొన్ని ఉన్నాయి. 531, 570 నానోమీటర్ల వద్ద పరావర్తనాన్ని పోల్చే సూచికను 1992లో గేమన్, పెన్యుయెలాస్, ఫీల్డ్ ప్రతిపాదించారు. ఆకు తాను వాడుకోలేని వెలుతురును వేడిగా వదిలించుకునే యంత్రాంగాన్ని అది పట్టుకుంటుంది. 970, 1200, 1450 నానోమీటర్ల దగ్గర నీరే కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి అక్కడి చిత్రాలు ఆకులోని నీటి పరిమాణానికి దగ్గరగా వస్తాయి. అయితే చెట్లు ఆకులో నీటి పరిమాణాన్ని పెద్దగా పడనివ్వవు. పడేలోగా రంధ్రాలు మూసుకుంటాయి. అందుకే నీటిని నేరుగా చూసే ఈ చిత్రం కన్నా, నీటిని కాపాడుకునే చెట్టు ప్రవర్తనను చూసే థర్మల్ చిత్రమే ముందుగా హెచ్చరిస్తుంది. ప్రయోగశాలలకు పరిమితమైన మరో దారిలో నాళాల్లో నీటి తీగ తెగి గాలి చొరబడటాన్నే చిత్రిస్తారు. టాస్మానియాలో బ్రోడ్రిబ్ బృందం 2016లో ఆకు ఈనెల్లో ఇది ఎలా పాకుతుందో సాధారణ కాంతితో తీసిన చిత్రాల్లో చూపించింది. ఎద్దడి ఎంత దాకా వెళ్తే చెట్టు కోలుకోదో తెలుసుకోవడానికి అది విలువైనది, రోజువారీ తడికి కాదు.

థర్మల్ పద్ధతి మీద ఉన్న అతి గట్టి అభ్యంతరం చెట్ల స్వభావం నుంచే వస్తుంది. కొన్ని జాతులు నీటి కొరత మొదలవగానే రంధ్రాలు మూసి, నీటి శక్మాన్ని పడనివ్వకుండా నిలుపుకుంటాయి. మరికొన్ని రంధ్రాలు తెరిచే ఉంచి శక్మాన్ని పడనిస్తాయి. ద్రాక్షలోనే గ్రెనాష్ రకాన్ని మొదటి తీరుకూ, సిరా రకాన్ని రెండో తీరుకూ ఉదాహరణగా చెబుతారు. అంటే ఒకే 0.4 సూచిక ఒక రకంలో జాగ్రత్తను, మరో రకంలో ప్రమాదాన్ని సూచించవచ్చు. స్పెయిన్‌లో జరిగిన పని దీన్ని స్పష్టంగా చూపింది. కోర్డోబాలోని సుస్థిర వ్యవసాయ సంస్థ శాస్త్రవేత్తలు 2009 నాటికే పైలట్ లేని చిన్న హెలికాప్టర్‌కు థర్మల్ కెమెరా, బహువర్ణ కెమెరా కట్టి ఆలివ్, పీచ్ తోటల మీద ఎగరేశారు. 2013లో వెలువడిన మరో అధ్యయనంలో ఆగ్నేయ స్పెయిన్‌లోని ఒకే వాణిజ్య తోటలో బాదం, ఆప్రికాట్, పీచ్, నిమ్మ, నారింజ అనే ఐదు జాతుల చెట్లను ఒకే చిత్రంలో చూశారు. కొన్ని చెట్లకు నీరు ఆపి మిగతావాటితో పోల్చినప్పుడు ప్రతి జాతిలోనూ తేడా కనిపించింది. కానీ ఏ అంకె దగ్గర ఎద్దడి మొదలైనట్టు అన్నది జాతి జాతికీ వేరుగా లెక్కగట్టుకోవలసి వచ్చింది. మరుసటి ఏడాది అదే బృందం నారింజ, మాండరిన్ తోటల్లో ఈ సూచికకున్న పరిమితులను విడిగా పరిశీలించింది. నిమ్మజాతి చెట్లు నీరున్నా గాలి బాగా పొడిగా ఉంటే రంధ్రాలు బిగిస్తాయి. కాబట్టి వేడి ఆకు తప్పనిసరిగా ఎండిన నేలకు గుర్తు కాదు. ఈ అభ్యంతరం సరైనదే. అయినా అది కొట్టివేసేది ఒకే అంకెను అన్ని చెట్లకూ వర్తింపజేసే అలవాటును మాత్రమే. ఒకే జాతి, ఒకే రకం, ఒకే వయసున్న మడిలో చెట్టును చెట్టుతో పోల్చినప్పుడు గాలి పొడిదనం అన్నిటికీ సమానం. మిగిలే తేడా వేళ్ల దగ్గరిది.

నిమ్మజాతి సంగతి తెలుగు నేలకు దగ్గరిది. అనంతపురంలో చీనీ అనీ, నల్లగొండలో బత్తాయి అనీ పిలిచే పంట ఇదే. ఇక్కడ నీరు తగ్గించడం ఒక పనిముట్టు కూడా. పూత కోసం రైతు కొన్ని వారాలు తడి ఆపి చెట్టును బెట్టకు గురిచేస్తాడు. బెట్ట చాలకపోతే పూత రాదు, ఎక్కువైతే ఆకు రాలి చెట్టు నీరసిస్తుంది. ఆస్ట్రేలియాలోని టటురాలో చామర్స్, మిచెల్ 1981 నాటికి పీచ్ చెట్ల మీద నిరూపించిన నియంత్రిత లోటు తడి కూడా ఈ ఆలోచనకు బంధువే. కాయ మెల్లగా పెరిగే దశలో నీరు తగ్గిస్తే దిగుబడి పడిపోకుండా అనవసరపు కొమ్మల పెరుగుదల తగ్గుతుంది. ఇలా కావాలని దాహం పెట్టే చోట కొలత లేకుండా నడవడం ప్రమాదం. మడిలో సగం చెట్లు బెట్టకు వచ్చి సగం రాకపోతే పూత కూడా రెండు విడతలవుతుంది. అన్ని చెట్లూ కలిసి బెట్టకు వస్తున్నాయా అన్న ప్రశ్న పూర్తిగా పోలికకు చెందిన ప్రశ్న, కాబట్టి చిత్రానికి సరిగ్గా తగినది. వాతావరణం కూడా రాయలసీమకు అనుకూలం. గాలి పొడిగా ఉన్న చోట తడి ఆకుకూ పొడి ఆకుకూ మధ్య దూరం ఎక్కువ, చిన్న ఎద్దడి కూడా ఆ దూరంలో తెలుస్తుంది. కోనసీమ లాంటి చోట ఉక్కపోతలో ఆ రెండు కొసలూ దగ్గరకు జరిగిపోతాయి, కెమెరా చిన్న తప్పు కూడా పెద్దదవుతుంది. మబ్బు ఒక్కటి అడ్డం వస్తే నిమిషాల్లో ఆకు వేడి మారుతుంది, గాలి విసురు కూడా తేడాలను చెరిపేస్తుంది. మధ్యాహ్నం, నిర్మలాకాశం, గాలి తక్కువగా ఉన్న వేళ తీసిన చిత్రాలకే అర్థం ఉంటుంది.

డ్రోన్ ఎందుకు, ఉపగ్రహం చాలదా అన్న ప్రశ్నకు లెక్కే జవాబు. ల్యాండ్‌శాట్ 8 ఉపగ్రహం థర్మల్ పిక్సెల్ ఒక వైపు 100 మీటర్లు. ఎనిమిది మీటర్ల ఎడంతో నాటిన మామిడి తోటలో ఆ ఒక్క పిక్సెల్‌లో 156 చెట్లు, వాటి మధ్య నేల, బాట, గట్టు అన్నీ కలిసిపోతాయి. 2018లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేర్చిన ఎకోస్ట్రెస్ పరికరం పిక్సెల్ సుమారు 70 మీటర్లు. భారత్, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థలు కలిసి తలపెట్టిన తృష్ణ ఉపగ్రహం, పేరుకు తగ్గట్టే నేల దాహాన్ని చూడటానికి, దాదాపు 60 మీటర్ల స్పష్టతతో రూపొందింది. కాలువ ఆయకట్టుకో మండలానికో ఇవి ఎంతో మేలు. చెట్టు చెట్టుకూ తేడా చెప్పాలంటే మాత్రం నేలకు దగ్గరగా రావాలి.

మట్టిలో తేమ మీటర్లు పాతితే సరిపోతుంది కదా, ఇంత శ్రమ ఎందుకన్న అభ్యంతరం కూడా వినదగ్గదే. మీటరు రోజంతా, రాత్రంతా, మబ్బులోనూ పనిచేస్తుంది. కెమెరాకు ఆ సౌకర్యం లేదు. కానీ మీటరు తన చుట్టూ కొద్ది అంగుళాల మట్టినే ఎరుగును, చెట్టు వేళ్లు అనేక చదరపు మీటర్లలో లోతుగా పాకి ఉంటాయి. డ్రిప్పు చుక్కకు ఒక అడుగు అటు పాతితే తడి, ఒక అడుగు ఇటు పాతితే పొడి. చెట్టు మాత్రం తన వేళ్లన్నిటికీ అందిన నీటిని కూడి ఒకే జవాబుగా ఆకులో చూపిస్తుంది. సరైన క్రమం ఏమిటంటే, పూత, కాయ దశల్లో రెండు మూడు సార్లు చిత్రం తీసి మడిని చల్లని, మధ్యస్థ, వేడి భాగాలుగా విడదీయాలి. ఒక్కో భాగం నుంచి నాలుగైదు చెట్లు ఎంచి ప్రెషర్ చాంబర్‌తో కొలవాలి. అప్పుడు చిత్రంలోని రంగుకు బార్ల లెక్క దొరుకుతుంది. తేమ మీటరు ఎక్కడ పాతాలో కూడా ఆ పటమే చెబుతుంది.

ఇంత చేశాక కూడా మిగిలే సందేహం ఒకటి ఉంది, అది అన్నిటికన్నా ఖరీదైనది. వేడిగా కనపడిన ప్రతి చెట్టూ దాహంతో ఉన్నది కాదు. ఇటలీలోని అపులియా ప్రాంతంలో ఆలివ్ చెట్ల నాళాలను మూసేసే జైలెల్లా బాక్టీరియా సోకిన చెట్లను, లక్షణాలు కంటికి కనపడక ముందే, థర్మల్, బహువర్ణ చిత్రాల సాయంతో గుర్తించవచ్చని 2018లో ప్రచురితమైన పరిశోధన చూపింది. అక్కడ నేలలో నీరుంది, పైకి ఎక్కే దారే మూసుకుపోయింది. చీనీ, బత్తాయి తోటల్లో బంక తెగులు, వేరుకుళ్లు పట్టిన చెట్టుది కూడా ఇదే తీరు. కుళ్లిన వేళ్లు నీటిని పీల్చలేక ఆకు వేడెక్కుతుంది, చిత్రంలో అది దాహంగానే కనిపిస్తుంది. దాన్ని నమ్మి తడి పెంచితే తెగులుకు కావలసిన తేమను మనమే అందించినట్టవుతుంది. కాబట్టి పటంలో ఎర్రగా వెలిగిన చెట్టు దగ్గరికి నడిచి వెళ్లినప్పుడు మొదట చూడవలసింది డ్రిప్పు చుక్క పడుతోందా, ఆ పక్క చెట్లకూ పడుతోందా అని. చుక్క సరిగ్గానే పడుతూ, పాదులో మట్టి తడిగానే ఉంటే, బోరు మోటారు జోలికి పోకుండా కాండం మొదట్లో బెరడు మీద బంక కారుతోందేమో చూసి, పాదు అంచున మట్టి తవ్వి వేరు రంగు పరీక్షించాలి.